ఇంటర్ సెకండియర్‌లో అమ్మాయి పరుగు ఆపించాలా? పరిగెత్తినవాళ్లు, పరిగెత్తించినవాళ్లు చెప్పండి

ఖమ్మం అమ్మ:

అందరికీ నమస్కారం. మా పాపకు 16 ఏళ్లు. ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూల్లో పీఈటీ సార్ 800 మీటర్లలో నిలబెట్టారు, ఆ తర్వాత 3,000 మీటర్లకు మార్చారు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో జిల్లా దాటి రాష్ట్రస్థాయికి వెళ్లింది. పతకం రాలేదు. రోజూ పొద్దున సర్దార్ పటేల్ స్టేడియంలో ప్రాక్టీసు చేస్తుంది. ఇప్పుడు బైపీసీ సెకండియర్. కాలేజీలో పొద్దున ఆరున్నరకే స్టడీ అవర్ మొదలు, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. "ఈ ఒక్క ఏడాది పరుగు మాన్పించండి, నీట్ అయ్యాక చూసుకోవచ్చు" అంటున్నారు కాలేజీవాళ్లు. మావారిదీ దాదాపు అదే మాట.

నేను పతకాల గురించో, స్పోర్ట్స్ కోటా గురించో అడగడం లేదు. పరుగు మొదలుపెట్టాక పిల్లలో కొన్ని మార్పులు చూశాను. అంతకుముందు మార్కులు తగ్గితే అన్నం మానేసి దుప్పటి కప్పుకుని పడుకునేది. ఇప్పుడు టెస్టు పాడైన రోజు సాయంత్రం ఆ పేపరే ముందు పెట్టుకుని ఎక్కడ పోయిందో పెన్సిల్‌తో గీసుకుంటుంది. తమ్ముడితో గొడవపడ్డా కాసేపటికి తనే మాట కలుపుతుంది. రాత్రి ఫోన్ తనంతట తనే నా చేతికిచ్చి పడుకుంటుంది, అలా చేయమని నేనెప్పుడూ చెప్పలేదు. ఇవన్నీ పరుగు వల్ల వచ్చాయా, వయసుతో వచ్చాయా? పరుగు ఆపిస్తే వీటికేమైనా అవుతుందా? మీలో చదువుకునే రోజుల్లో దూరం పరిగెత్తినవాళ్లు ఉంటే మీకేం జరిగిందో చెప్పండి.

పీడీ మాస్టారు (తెనాలి):

అమ్మా, జెడ్పీ హైస్కూళ్లలో పీడీగా, అంటే ఆటలు నేర్పే మాస్టారిగా, చేసి రిటైరైనవాణ్ని. మీరు చూసింది నేనూ ఎంతోమంది పిల్లల్లో చూశాను. అన్ని ఆటలూ పిల్లలకు మంచివే. కానీ మీరు చెప్పిన మార్పులు మాత్రం దూరం పరిగెత్తే పిల్లల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

ఎందుకో చెబుతాను. 3,000 మీటర్లంటే ట్రాక్ మీద ఏడున్నర రౌండ్లు. 11 నిమిషాల్లో ముగించాలంటే రౌండుకు 88 సెకన్లు పడాలి. కొత్త పిల్లలు విజిల్ ఊదగానే మొదటి రౌండు 75లో కొట్టేస్తారు, స్నేహితులు చూస్తుంటారు కదా. రెండో రౌండు 84 అవుతుంది. నాలుగో రౌండుకు 100 దాటుతుంది, చేతులు నడుం మీదకు పోతాయి. నోటితో ఎంత చెప్పినా వినరు. రౌండు రౌండుకూ టైం రాసి ఆ కాగితం వాళ్ల చేతిలో పెడితే, కొన్ని వారాలకు వాళ్లకే అర్థమవుతుంది. అప్పటినుంచి మొదటి రౌండులో తనను దాటి పోయేవాళ్లను పోనిస్తారు. నలుగురూ చూస్తుండగా వెనకబడి పరిగెత్తడానికి, తన లెక్క తనకుందని నమ్మడానికి ఆ వయసులో చాలా ధైర్యం కావాలి. టెస్టు పేపరు ముందేసుకుని తప్పులు గీసుకుంటుందన్నారే, ఆ పిల్ల రౌండు టైములు చూసుకోవడం నేర్చుకున్న పిల్ల.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతికి పిల్లలను ఎంపిక చేసేటప్పుడు 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (ముందే వేగం అందుకుని పరిగెత్తడం), మెడిసిన్ బాల్ (బరువు బంతి) త్రో, షటిల్ రన్ లాంటివాటితో పాటు 800 మీటర్లు కూడా పెడతారు. మిగతావన్నీ క్షణాల్లో అయిపోతాయి. 800లో మాత్రం ఆగిపోవాలనిపించే ఘడియ ఒకటి వస్తుంది, అప్పుడు పిల్ల ఏం చేస్తుందో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. నేనైతే ఎప్పుడూ ఆ చివరి 200 మీటర్లే చూసేవాణ్ని.

ఇంకో మాట. మన పిల్లలకు చుట్టూ సిఫార్సులు, పోలికలు, ర్యాంకులు. స్టాప్‌వాచ్ దగ్గర అవేవీ నడవవు. కలెక్టర్ గారి అమ్మాయికైనా, కూలివాళ్ల అమ్మాయికైనా 88 సెకన్లు 88 సెకన్లే. నిన్నటి తనతో తనను పోల్చుకునే అవకాశం చాలామంది పిల్లలకు మొదటిసారి అక్కడే దొరుకుతుంది.

ఫిజిక్స్ సార్ (విజయవాడ):

మాస్టారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా రెండో వైపు కూడా ఎవరైనా చెప్పాలి.

నీట్ శిక్షణలో పాఠాలు చెబుతాను. 2025లో ఆ పరీక్ష రాసినవాళ్లు 22 లక్షలు దాటారు. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. ఒక్క ప్రశ్న తేడాతో ర్యాంకు వేలల్లో జారిపోతుంది. సెకండియర్ పిల్లకు రోజూ గంటన్నర అంటే చిన్న విషయం కాదు. అసలు నా బాధ గంటన్నర గురించి కూడా కాదు. నాలుగున్నరకు లేచి పరిగెత్తి వచ్చిన పిల్లలు మధ్యాహ్నం క్లాసులో తల వాల్చేయడం నేను రోజూ చూస్తున్నాను. నిద్ర లేని పిల్లకు పరుగు ఎంత ఇచ్చినా దాన్ని దాచుకునే శక్తి ఉండదు.

ఇంకొకటి కూడా ఆలోచించండి. ఇక్కడ రాసేవాళ్లంతా పరుగులో నిలిచినవాళ్లే. మధ్యలో మానేసినవాళ్లు, కాలు పాడైనవాళ్లు, "నువ్వు జిల్లా దాటలేవు" అనిపించుకుని మనసు విరిగినవాళ్లు వచ్చి రాయరు. పట్టుదల ఉన్న పిల్లలే దూరపు పరుగులో మిగులుతారు. దాన్ని మనం తిరగేసి, పరుగే పట్టుదల ఇచ్చిందంటున్నామేమో.

హనుమకొండ అక్క:

సార్ అడిగింది మంచి ప్రశ్న. నా సంగతి చెప్త.

నాకైతే ముందుగాల పట్టుదల లేకుండె. సంగీతం క్లాసు, కరాటే, కుట్టు మిషను, అన్ని మొదలువెట్టి అన్ని ఇడిశిపెట్టిన. ఉరుకుడు కూడ అట్లనే ఇడిశిపెడ్తనని మా ఇంట్ల అందరు అనుకున్నరు. ఇడిశిపెట్టకపోవుడుకు కారణం ఒక్కటే, మా కోచ్ రాయించిన నోట్‌బుక్. రోజు ఏం ఉరికినవో రాయాలె. ఉరకకపోతే ఎందుకు ఉరకలేదో రాయాలె. "ఒంట్లో బాగలేదు" అని రాస్తె కోచ్ ఏమనకపోతుండె. ఊకె ఒకటే అడిగేటోడు, "ఒంట్ల బాగలేదా, లేవబుద్ధి కాలేదా? రెండు వేరువేరు. ఏదైనా సరే, నిజం రాయి." ఆయన తిట్టకపోవుడుతోనే అబద్ధం రాసుడు నాకు కష్టమైంది. మెల్లమెల్లగ "లేవబుద్ధి కాలే" అని రాసుడు మొదలువెట్టిన. అట్ల రాసుకున్న పేజీలు చూస్తుంటె నాకే తెల్వకుంట ఆ మాట తక్కువైంది. గిప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయంల పీహెచ్‌డీ చేస్తున్న. పొలంల ప్లాటు పాడైతె రికార్డుల పాడైందనే రాస్త. ఆ అలవాటు నాకు ల్యాబుల రాలే, మా హనుమకొండ జేఎన్ స్టేడియంల వచ్చింది.

నేను ఎన్నడు మెడల్ కొట్టలే. నాలుగో ప్లేసు, అయిదో ప్లేసు, గంతే. అయినా ఎవరన్నా నాకంటె మంచిగ ఉరుకుతుంటె చూసి సంబురపడుడు నేర్చుకున్న. 2021 సెప్టెంబర్‌ల మా స్టేడియంలనే నేషనల్ ఓపెన్ పోటీలు అయినయి. 1,500 మీటర్లల పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకండ్లల ఉరికి, 2002 బుసాన్ ఆసియా క్రీడల సంది సునీతా రాణి పేరు మీదున్న జాతీయ రికార్డు బద్దలు కొట్టింది. మేం చెమటలు కార్చిన జాగల ఆ పిల్ల ఆఖరి రౌండు కొడుతుంటె నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అసూయ అనేది కొంచెం కూడ రాలే. ఆమె అమ్మ కూడ అదే బుసాన్‌ల 800 మీటర్లల వెండి పతకం గెలిచిన మనిషి.

ఆడపిల్లల గురించి ఒక్క మాట. రోడ్డు మీద తల దించుకొని నడువుమని మాకు చిన్నప్పటి సంది చెప్పిన్రు. ఉరికేటప్పుడు తల దించితే ఊపిరి ఆడదు. చూపు ముందలికి పెట్టాలె, భుజాలు వదులుగ ఇడువాలె. పొద్దుపొద్దుగాల గ్రౌండ్ల గట్ల ఉరికి ఉరికి, బజార్ల కూడ నా నడక మారింది. మీ పాప నడక కూడ ఒకసారి చూడుండ్రి అమ్మా.

ఖమ్మం అమ్మ:

అక్కా, మీరు రాసింది చదివి ఇందాక మా పాప నడక చూశాను. నిజమే.

ఫిజియో (విశాఖ):

ఫిజియోథెరపిస్టుని, ఆర్కే బీచ్‌లో పరిగెత్తే చాలామంది పిల్లలు మా దగ్గరికే వస్తారు. స్వభావం సంగతి మాస్టారు, అక్క చెప్పేశారు. నేను శరీరం గురించి చెబుతాను. అది సరిగా లేకపోతే మిగతావన్నీ తారుమారవుతాయి.

ఖమ్మం అమ్మగారూ, ముందు పాపకు రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చాలదు, ఫెరిటిన్ కూడా చూడమనండి. శరీరంలో దాచుకున్న ఇనుము ఎంతుందో అది చెబుతుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటిన అమ్మాయిలు చాలామంది ఉంటారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము లేని అమ్మాయి టైమింగ్ పడిపోతుంది, క్లాసులో నిద్రొస్తుంది, చిరాకు పెరుగుతుంది. అందరూ దాన్ని బద్ధకం అంటారు. ఫిజిక్స్ సార్ క్లాసులో తల వాల్చే పిల్లల్లో కొందరికి కావలసింది తిట్లు కాదు, ఇనుము. తోటకూర, పల్లీ ఉండలు, గుడ్డు, మాంసం తినేవాళ్లయితే మాంసం పెట్టండి. కూర మీద నిమ్మకాయ పిండండి. అన్నం తినగానే టీ తాగనివ్వకండి, తిన్న ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది.

రెండోది నెలసరి. పరిగెత్తే అమ్మాయిలకు నెలలు తప్పితే "శ్రమ పడుతోంది కదా, మామూలే" అంటారు. మామూలు కాదు. చేస్తున్న శ్రమకు తగ్గ తిండి అందనప్పుడు శరీరం ఒక్కొక్క పనినీ ఆపేసుకుంటూ వస్తుంది. దీనికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. ఎముకలు బలహీనపడి సన్నటి పగుళ్లు వచ్చేది ఇలాంటి పిల్లలకే. మీ పాపతో ఈ సంగతి సిగ్గుపడకుండా మాట్లాడండి. కోచ్ మగవారైతే ఈ మాట చెప్పడానికి ఆమెకు మీరు తప్ప వేరే దారి ఉండకపోవచ్చు.

నిద్ర విషయంలో సార్‌తో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. పరుగుకీ నిద్రకీ మధ్య ఏదో ఒకటే ఎంచుకోవలసిన రోజు వస్తే నిద్రే ఎంచుకోమంటాను. అలాగే 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదిలే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇంటర్ కాలేజీల్లో చాలావాటికి గ్రౌండే లేదు. పిల్లను పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చోబెట్టి దాన్ని చదువు అనుకోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

నొప్పి వస్తే ఏ నొప్పి ఓర్చుకోదగ్గదో, ఏ నొప్పికి ఆగాలో పరిగెత్తే పిల్లలకు తెలుస్తుంది. రెండు పిక్కలూ లాగుతుంటే పర్వాలేదు. ఒక కాలిలో, మోకాలి కింద ముందువైపు ఎముక మీద, వేలు పెట్టి చూపించగలిగే ఒకేచోట నొప్పి ఉంటే ఆగి తీరాలి. అలా ఆగడం తెలిసిన పిల్లలు పెద్దయ్యాక కూడా ఒంటిమీదికి తెచ్చుకోరు.

జవాను (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. సెలవు మీద ఊరొచ్చాను, ఇది చూసి రాయాలనిపించింది.

మా సిక్కోలు వైపు తెల్లారగట్ల రోడ్డెక్కితే ప్రతి ఊర్లోనూ కుర్రాళ్లు పరిగెడుతూ కనిపిస్తారు. ఆర్మీ ర్యాలీల్లో చాలా ఏళ్లు 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు. తెలంగాణలో 2022 పోలీసు ఎంపికల్లో మగవాళ్లకు 1,600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు గడువు, ఆడవాళ్లకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు. అందరూ ఆ అంకె కోసమే పరిగెడతారు. ఏటంటే, అంకె దాటినోళ్లలో చాలామంది మర్నాటి నుంచి బూట్లు తీసి పక్కన పెట్టేస్తారు. దాటనోళ్లూ అంతే. స్కూల్ రోజుల నుంచి పరుగు మీద ఇష్టంతో పరిగెత్తినోళ్లు మాత్రం ఉద్యోగం వచ్చినా రాకపోయినా పరిగెడతానే ఉంటారు. సార్ చెప్పిన మనసు విరగడం నేనూ చూశాను. అది అంకె కోసం పరిగెత్తినోళ్లలోనే ఎక్కువ.

అమ్మా, ఒక్క ఏడాది తగ్గిస్తే పాప భవిష్యత్తు పోతుందని భయపడొద్దు. అవినాశ్ సాబ్లే సంగతి చూడండి. మహారాష్ట్రలో బీడ్ జిల్లా మాండ్వా. చిన్నప్పుడు బడికి ఆరు కిలోమీటర్లు నడిచో పరిగెత్తో పోయేవాడు. పన్నెండో తరగతి అయ్యాక ఆర్మీలో మహార్ రెజిమెంట్‌లో చేరాడు, సియాచిన్‌లో డ్యూటీ చేశాడు. పోటీ పరుగులోకి వచ్చింది 2015లో, సైన్యం లోపలి క్రాస్ కంట్రీతో. అప్పటికి 20 ఏళ్లు దాటాయి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో (అడ్డంకులు, నీటిగుంట దాటుతూ పరిగెత్తే పోటీ) 8 నిమిషాల 11.20 సెకన్లకు వెండి, 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారం. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీ ఫైనల్‌కు చేరిన మొదటి భారతీయ పురుషుడు. దూరపు పరుగులో ఒంటికి సత్తా వచ్చేది ఇరవైల్లోనే. 16 ఏళ్లకే తొందరపడి పిండేయడం కంటే నిదానంగా పోనివ్వడం మేలు.

కానీ పూర్తిగా మాత్రం ఆపించకండి. ఆగిన కాలు మళ్లీ కదలడం కష్టం.

టోక్యో తెలుగు:

విద్యార్థులు, దూరపు పరుగు అనగానే నాకు ఇక్కడి హకోనే ఎకిడెన్ గుర్తొచ్చింది. మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఏటా జనవరి 2, 3 తేదీల్లో జరుగుతుంది. పరిగెత్తేవాళ్లంతా యూనివర్సిటీ విద్యార్థులే. టోక్యో నుంచి హకోనే కొండల్లోకి వెళ్లి తిరిగి రావాలి, మొత్తం 217.1 కిలోమీటర్లు. జట్టుకు పదిమంది, ఒక్కొక్కరికి 20 కిలోమీటర్ల పైనే. 1920లో నాలుగు యూనివర్సిటీలతో మొదలైంది. దీన్ని మొదలుపెట్టినవాళ్లలో కనకురి షిజో ఒకరు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఎండకు తట్టుకోలేక మధ్యలో ఆగిపోయిన మనిషి. 1967లో ఆయన్ను మళ్లీ స్టాక్‌హోమ్‌కు పిలిచి ఆ పరుగు పూర్తి చేయించారు. 54 ఏళ్ల 8 నెలల పైచిలుకు సమయం నమోదైంది. ఓడిపోయి ఇంటికొచ్చిన మనిషి చేసిన పని, తన తర్వాతి పిల్లలు జట్టుగా పరిగెత్తే పోటీ ఒకటి నిలబెట్టడం.

జట్టు చేతికర్ర మార్చుకోదు, తసుకి అనే గుడ్డపట్టీని భుజం మీంచి వేసుకుని పరిగెత్తి తర్వాతివారికి అందిస్తుంది. ముందున్న జట్టు కంటే మరీ వెనకబడితే, తమవాడు ఇంకా దారిలో ఉండగానే తర్వాతి పిల్లవాణ్ని బయల్దేరదీస్తారు. అప్పుడా పట్టీ ఇక చేరదు. కళ్లముందే ఆ పట్టీ తెగిపోతే కుర్రాళ్లు రోడ్డు మీద కూలబడి ఏడుస్తారు. ఒక్కడే చేసే పరుగులో ఇంకొకరి పట్ల ఇంత బాధ్యత ఎలా పుడుతుందో నేను అక్కడ చూశాను.

నాకు బాగా నచ్చేది మరొకటి. జట్టు 16 మంది పేర్లిస్తుంది, పదిమందే పరిగెత్తుతారు. మిగిలిన విద్యార్థుల్లో కొందరు దారిలో నిలబడి, తమ జట్టు పిల్లవాడు రాగానే పక్కనే కాసేపు పరిగెడుతూ నీళ్లసీసా అందిస్తారు. నాలుగేళ్లు కష్టపడి, ఎంపిక కాక, ఆ కొద్ది మీటర్లు మాత్రమే పరిగెత్తేవాళ్లు. వాళ్ల ముఖాల్లో చిన్నతనం ఉండదు.

ఫిజిక్స్ సార్ అన్న ప్రమాదం ఇక్కడ కూడా ఉంది. జనవరి 2నే జీవితం అనుకున్న పిల్లలు చాలామంది ఆ తర్వాత పరుగే వదిలేస్తారు. ఒక రోజుకు కట్టేసిన పరుగు పిల్లలను పెంచదు, వాడుకుంటుంది.

ఫిజిక్స్ సార్ (విజయవాడ):

జవాను గారు, టోక్యో మిత్రులు చెప్పింది నాకు ఒక విషయం తేటపరిచింది. అంకె కోసం పరిగెత్తడం, ర్యాంకు కోసం చదవడం రెండూ పిల్లలను ఒకేలా పాడుచేస్తాయి. ఆ రెండో పని మధ్యలోనే నేను బతుకుతున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

ముందు వచ్చింది పట్టుదలా, పరుగా అన్న నా ప్రశ్న అలాగే ఉంది. హనుమకొండ అమ్మాయి ఒక్కరి అనుభవంతో అది తేలదు. ఆ నోట్‌బుక్ మాట మాత్రం మా క్లాసులో వాడుకుంటాను. "ఎందుకు చదవలేదు" అన్న ప్రశ్నకు నిజం రాసే పిల్లవాణ్ని నేనింతవరకూ చూడలేదు, మేం తిడతాం కాబట్టి.

అమ్మగారూ, మీ పాప ఏమంటోంది? ఇంతమందిమి మాట్లాడుతున్నాం, ఆమె మాట ఇంకా వినలేదు.

ఖమ్మం అమ్మ:

పాపకు మొత్తం చదివి వినిపించాను. తనే రాస్తానంది. కింద రాసింది తనే.

అందరికీ నమస్తే. మాస్టారూ, రౌండు టైముల గురించి మీరు రాసింది చదివి మా పీఈటీ సార్ గుర్తొచ్చారు. ఆయన కూడా కాగితం మీద రాసి ఇచ్చేవారు. అవన్నీ దాచుకున్నాను.

నాకు 3,000లో మొదటి రెండు రౌండ్లంటే ఇష్టం, చివరి రౌండంటే ఇష్టం. నాలుగు, ఐదు, ఆరు అంటే భయం. అప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టరు. ముందున్నవాళ్లు దూరమైపోతారు, చివర ఇంకా కనపడదు. ఆ మూడు రౌండ్లలో నాతో నేను ఏం మాట్లాడుకుంటానో అదే నేను అనిపిస్తుంది. మొదట్లో నన్ను నేను బాగా తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటే ఇంకా నెమ్మదిస్తానని తెలిసింది. ఇప్పుడు "ఈ మలుపు దాకా" అనుకుంటాను, మలుపు దాటాక ఇంకో మలుపు. సెకండియర్ కూడా నాకు ఆ రౌండ్లలాగే ఉంది.

ఫిజిక్స్ సార్, పరుగు వల్ల నాకు మార్కులు పెరిగాయో లేదో నాకు తెలియదు సార్. పెరిగాయని చెప్పి ఒప్పించడం నాకిష్టం లేదు. పరుగు చదువుకు పనికొస్తుందని తేలితేనే పరిగెత్తనిస్తారంటే, రేపు ఒక టెస్టులో తగ్గగానే ఆపేస్తారు కదా. నాకు డాక్టర్ అవ్వాలని ఉంది, ఎవరూ బలవంతపెట్టలేదు. పరిగెత్తాలనీ ఉంది. రెండూ నావే. పొద్దున స్టేడియంలో ఉన్నంతసేపు నేను ఎవరి కూతుర్నో, ఏ సెక్షనో, నా ర్యాంకెంతో గుర్తుకు రాదు. రోజంతా మిగతావన్నీ మోయడానికి ఆ కాసేపు కావాలి.

నిద్ర గురించి మీరన్నది నిజం సార్. నాలుగున్నరకు లేవడం కష్టంగానే ఉంది. అక్కా, మీలా నిజం రాస్తున్నాను. ఫిజియో మేడం చెప్పిన విషయం అమ్మతో మాట్లాడాను. పోటీలు ఈ ఏడాది లేకపోయినా నాకు పర్వాలేదు.

హనుమకొండ అక్క:

చెల్లే, "రెండూ నావే" అన్న మాట మీ నాయనకు నువ్వే చెప్పు. మేము చెప్పేదానికంటె నీ నోటితో చెప్తె మంచిగ వింటడు.

పీడీ మాస్టారు (తెనాలి):

తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఇప్పుడు పని మాట్లాడుకుందాం.

వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు 35, 40 నిమిషాలు, పక్కవారితో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నిదానంగా. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. అందులో ఒకరోజు మధ్యలో 15 నిమిషాలు కాస్త బిగించు. ఆదివారం గంటసేపు. స్పైక్స్ (మేకుల బూట్లు) తీసి పెట్టెలో పెట్టెయ్, వాచీ చూసుకునే పని కూడా ఈ ఏడాది తగ్గించు. ఇలా చేస్తే పునాది పోదు. మే నెలలో నీట్ అయ్యాక రెండు నెలల్లో పోటీ పరుగుకు తయారవుతావు. అండర్-20 పోటీలకు అప్పటికి ఇంకా సమయం ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మీ ఖమ్మం ఎండలు తెలిసినవే, ఏడు దాటాక ట్రాక్ మీద ఉండొద్దు.

అమ్మగారూ, చీకట్లో ఒంటరిగా పంపకండి. స్టేడియంలో పోలీసు ఎంపికలకు తయారయ్యే అమ్మాయిలు ఉంటారు, వాళ్లతో కలపండి. వాళ్లకూ మీ పాప పరుగు వేగం పనికొస్తుంది.

ఖమ్మం అమ్మ:

రాత్రి మావారు, పాప కూర్చుని మాట్లాడుకున్నారు. నేను మధ్యలో కల్పించుకోలేదు. మావారు ఇవాళ కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడారు. మంగళ, గురు, శని మూడు రోజులు పాప పొద్దున స్టడీ అవర్ వదిలి ఏడున్నరకు రావడానికి ఒప్పుకున్నారు, నెలవారీ టెస్టులు చూసి మళ్లీ మాట్లాడతామన్నారు. ఆ చివరి షరతు పాపకు నచ్చలేదు, నాకూ నచ్చలేదు. మావారు "అప్పటి సంగతి అప్పుడు నేను మాట్లాడతాను" అన్నారు. నిద్ర తొమ్మిదిన్నర నుంచి ఐదున్నర. రక్తపరీక్షకు పొద్దున ఇచ్చాం, ఫెరిటిన్ కూడా రాయించాను. పోలీసు ఎంపికలకు తయారవుతున్న అమ్మాయిలు ముగ్గురు మా కాలనీకి దగ్గర్లోనే ఉన్నారని తెలిసింది, వాళ్లతో వెళ్తుంది.

ఫిజిక్స్ సార్‌ని ఒకటి అడగాలి. ఆదివారం కాలేజీలో గ్రాండ్ టెస్టు ఉంటుంది, మాస్టారేమో ఆదివారం గంట పరుగు చెప్పారు. రెండూ ఒకే రోజు పెట్టొచ్చా?

ఫిజియో (విశాఖ):

రిపోర్టు వచ్చాక నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఇక్కడ పెట్టొద్దు. ఫెరిటిన్ తక్కువుంటే మందు డాక్టరు చెప్పిందే వాడాలి, మెడికల్ షాపులో అడిగి మాత్రలు కొనకండి.

ఫిజిక్స్ సార్ (విజయవాడ):

పెట్టొచ్చమ్మా. నీట్ జరిగేది మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. గ్రాండ్ టెస్టు కూడా అదే వేళకు పెట్టమని అడగండి, ఎలాగూ ఆ వేళకు మెదడును అలవాటు చేయాలి. పొద్దున ఆరింటికి పరుగు, ఏడింటికి ఇంటికి, టిఫిను తిని గంట పడుకోవాలి. పదకొండు నుంచి బయాలజీ ఒకసారి తిరగేస్తే చాలు, ఆ రోజు కొత్త పాఠం వద్దు. వదిలిన మూడు స్టడీ అవర్లలో ఏం చెప్పారో స్నేహితురాలి నోట్స్ అడిగి రాసుకోమనండి. ఫిజిక్స్‌లో ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగమనండి, రాత్రి తొమ్మిది లోపు జవాబు పెడతాను.

పీడీ మాస్టారు (తెనాలి):

ఆదివారం ఆరింటికి కాదు సార్, ఐదూముప్పావుకు. మార్చి నుంచి ఆ పావుగంట తేడా బాగా తెలుస్తుంది.